బ్రన్స్‌విక్‌లో మా వెనక సందు

2008 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో దిగిన నాలుగో రోజున బ్రన్స్‌విక్ అనే పేటలో ఒక పాత ఇంట్లో చేరాను. అప్పటికే అందులో మనవాళ్లు ముగ్గురున్నారు. చివర వచ్చినవాణ్ని కాబట్టి నాకు వెనకగది మిగిలింది. పైన రేకు, గోడకి ఒకే కిటికీ, పెరట్లోకి ఒక తలుపు. పెరడంటే పెద్దదేం కాదు. బట్టలారేసుకునే తీగలు, మూలన ఎవరూ వాడని పాత లెట్రిన్ గది, దాన్ని ఆనుకుని చెక్క గేటు. గేటు అవతల సందు.

"రాత్రిళ్లు డ్యూటీ చేసొచ్చేవాడివి, నువ్వు ఇట్నుంచి వచ్చిపోరా. ముందు తలుపు చప్పుడుకి అందరం లేవక్కర్లేదు," అన్నాడు మాలో పెద్దవాడు. ఆయన్ని అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. ఆ ఒక్క మాటతో రెండున్నరేళ్లు నా రాకపోకలన్నీ ఆ సందులోంచే సాగాయి. బ్యాంకు కాగితాల మీదా, కాలేజీ కాగితాల మీదా నా అడ్రస్ ముందు వీధిదే. ఆ వీధిలో మాత్రం నాకు తెలిసిన మనిషి ఒక్కరు లేరు. అక్కడ నాకు పరిచయమైనవాళ్లంతా వెనకవైపు వాళ్లే.

ఆ సందుకి పేరు లేదు. మ్యాపులో సన్నటి గీత, అంతే. వెడల్పు పదడుగులుంటుందేమో. ఒక కారు పడుతుంది. ఎదురుగా ఇంకోటి వస్తే ఇద్దరిలో ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. రెండు పక్కలా ఇళ్ల వెనక గోడలు, చెక్క కంచెలు, రోలింగ్ షట్టర్లు వేసిన గ్యారేజీలు. నేలంతా రాయి. అక్కడివాళ్లు బ్లూస్టోన్ అంటారు గానీ ఎండలో చూస్తే బూడిదరంగే, తడిస్తేనే నీలం కలిసిన నలుపు వస్తుంది. నిజానికది బసాల్ట్. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల క్వారీల్లోంచి తీసిందే. పక్కనున్న కోబర్గ్‌లో పెంట్‌రిడ్జ్ జైలుని ఆ రాయితోనే కట్టారు, ఖైదీల చేత రాళ్లు కొట్టించారు. మా సందులో ఆ రాళ్లని ఇటుక కంటే పెద్దవిగా చెక్కి పక్కపక్కన పేర్చారు. రెండు అంచుల నుంచీ నేల మధ్యకి వాలుతుంది. నడిమధ్యన రాళ్లతోనే ఒక కాలువ. వానొస్తే కప్పుల మీది నీళ్లు, పెరళ్ల నీళ్లు అన్నీ ఆ కాలువలోకే. పడుకుంటే ఆ గలగల నా కిటికీలోంచి వినపడేది. కొత్తలో నిద్ర పట్టని రాత్రులు చాలా ఉన్నాయి నాకు. వాన పడ్డ రాత్రి మాత్రం పట్టేది.

చేరిన నెలలోనే ఒకటి నా కంట పడింది. మా లెట్రిన్ గది వెనక గోడ సందు వైపే ఉంటుంది. ఆ గోడకి, మోకాలి ఎత్తు కంటే కిందగా, అడుగున్నర మేర చదరంగా ఇటుకలు వేరే రంగులో ఉన్నాయి. ఏదో కన్నం ఉంటే తరవాతెవరో పూడ్చినట్టు. పక్కింటి గోడకీ అలాగే ఉంది. దాని పక్కదానికీ ఉంది. వరసగా, అన్నీ ఒకే ఎత్తులో.

పక్కింట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. ఆ వీధిలోనే పుట్టినవాడు. డెబ్భై దాటిన మనిషి కదా అని నేను సర్ అన్నాను. "ఎవరు సర్? నన్ను పేరు పెట్టి పిలువు," అని గట్టిగానే అన్నాడు. పేరు పెట్టి పిలవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. ఆయన్నే అడిగాను ఆ ఇటుకల సంగతి.

ఆయన చెప్పాక సందు మొత్తం నాకు వేరేలా కనపడ్డం మొదలైంది. ఆ ఇళ్లు గోడకి గోడ ఆనించి కట్టినవి. ముందు వెడల్పు పదిహేను, పదహారు అడుగులకి మించదు, పక్కనుంచి పెరట్లోకి దారి ఉండదు. కట్టెలు రావాలన్నా, బొగ్గు రావాలన్నా, గుర్రబ్బండి పెట్టుకోవాలన్నా వెనకనుంచే. అన్నిటికంటే ముఖ్యంగా, లెట్రిన్ పెరడు చివర సందు గోడకి ఆనించి ఉండేది. లోపల పీట కింద ఒక డబ్బా. రాత్రి బండి వచ్చినప్పుడు ఆ పనివాడు సందులో నిలబడి ఆ కన్నానికున్న చిన్న తలుపు తీసి, నిండిన డబ్బా లాగి, ఖాళీది తోసి వెళ్లిపోయేవాడు. ఇంట్లోవాళ్లకి మనిషి మొహం కూడా కనపడక్కర్లేదు. ఇలాంటి సందుల్ని ఇప్పటికీ అక్కడ డనీ లేన్ అంటారు. డనీ అంటే ఆ లెట్రినే.

అప్పట్లో మెల్‌బోర్న్ బంగారంతో బలిసిన నగరం. 1885లో లండన్ నుంచి వచ్చిన జార్జ్ అగస్టస్ సాలా అనే పాత్రికేయుడు దాన్ని "మార్వెలస్ మెల్‌బోర్న్" అన్నాడు. భూగర్భ డ్రైనేజీ మాత్రం లేదు. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు ఇలాంటి కాలువల్లోంచే పోయేవి. టైఫాయిడ్‌తో జనం చనిపోయేవాళ్లు. ఊరిని ఎగతాళి చేస్తూ "స్మెల్‌బోర్న్" అనేవాళ్లు కూడా. 1888లో దీని మీద రాయల్ కమిషన్ వేశారు, 1891లో ప్రత్యేకంగా ఒక బోర్డు పెట్టారు, 1897లో మొదటి ఇళ్లకి డ్రైనేజీ కలిపారు. తరవాత ఒక్కో పేటా కలుస్తూ వచ్చింది. ఊరి చివరి పేటల్లో డబ్బాలు చాలా దశాబ్దాలు అలాగే నడిచాయట.

"క్రిస్మస్‌కి మా నాయనమ్మ ఆ కన్నం దగ్గర ఒక బీరు సీసా పెట్టేదట, ఆ మనిషి కోసం," అన్నాడు పెద్దాయన.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మన ఊళ్లలోనూ పాత పేటల్లో ఇళ్ల వెనక అలాంటి సందులున్నాయి, పాకీ పని చేసేవాళ్లు వచ్చిపోవడానికి వదిలినవి. మెల్‌బోర్న్‌లో అది జీతానికి చేసే ఒక పని. మన దగ్గర పుట్టుకతో నెత్తిన పెట్టిన పని. పండక్కి గుర్తుపెట్టుకుని ఏదైనా ఇచ్చిన ఇళ్లు ఎన్నుంటాయి? ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో మళ్లీ ఒకసారి చట్టం చేసుకోవాల్సి వచ్చింది మనకి. మా అమ్మమ్మగారింటి వెనక సందులోకి పిల్లల్ని వెళ్లనిచ్చేవాళ్లు కాదు. ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు. ఇరవై మూడేళ్లొచ్చాక, సముద్రాలు దాటి వెళ్లాక, ఇంకొకళ్ల గోడ చూసి తెలుసుకున్నాను.

మెల్‌బోర్న్ సందులంటే టూరిస్టులకి తెలిసినవి వేరే. హోజియర్ లేన్ గోడల మీది బొమ్మలు, డిగ్రేవ్స్ స్ట్రీట్‌లో కాఫీ, 2004లో ఏసీ/డీసీ బ్యాండ్ పేరు పెట్టిన లేన్. అవన్నీ నగరం నడిబొడ్డున, 1837లో రాబర్ట్ హాడిల్ కొలిచి గీసిన చదరాల్లో ఉన్నవి. పెద్ద వీధులు 99 అడుగులు, వాటి వెనక సరుకు దించుకోవడానికి చిన్న వీధులు 33 అడుగులు, వాటిలోంచి మళ్లీ సందులు. బాగుంటాయి, చూడాల్సినవే. కానీ నాకు మెల్‌బోర్న్ అంటే ఆ పేరు లేని పదడుగుల దారే గుర్తొస్తుంది.

మా గేటుకి సరిగ్గా ఎదురుగా ఆకుపచ్చ షట్టర్ ఉన్న గ్యారేజీ. అది ఒక ఇటలీ ముసలావిడది. వాళ్ల ఇంటి ముందు గుమ్మం మా వీధిలో ఉండదు, దాని తరవాతి వీధిలో ఉంటుంది. అంటే లెక్కప్రకారం మేం ఒకే వీధివాళ్లం కూడా కాదు. మా రెండిళ్ల వీపులూ ఒకదానికొకటి చూసుకుంటాయి, మధ్యలో పదడుగులు.

కలాబ్రియా నుంచి 1956లో ఓడలో వచ్చిందావిడ. యుద్ధం తరవాత ఇటలీ, గ్రీసుల నుంచి వచ్చినవాళ్లతో బ్రన్స్‌విక్, కార్ల్‌టన్ పేటలు నిండిపోయాయి. ఆ పాత ఇళ్లు అప్పుడు ఎవరికీ అక్కర్లేనివి, చవగ్గా దొరికేవి. అందరూ ఆవిడని నోన్నా అనేవాళ్లు, అంటే అమ్మమ్మ. నన్నూ అలాగే పిలవమంది. నన్ను ఫిల్యో అనేది, కొడుకా అని. ఆవిడకి వచ్చింది యాభై ఏళ్లయినా సగమే వచ్చిన ఇంగ్లీషు, నాది దిగి నెల కాని ఇంగ్లీషు. మేం బాగానే మాట్లాడుకునేవాళ్లం.

మొదటి పరిచయం నీళ్ల దగ్గర. అప్పటికి పదేళ్ల పైగా కరువు. మెల్‌బోర్న్‌లో నీళ్ల మీద గట్టి ఆంక్షలుండేవి, పచ్చిక తడపడం నిషేధం. మనిషికి రోజుకి 155 లీటర్లు దాటొద్దని ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం ఊరంతా ప్రచారం మొదలుపెట్టింది. ముందు వీధిలో పచ్చికలన్నీ గడ్డివాముల్లా ఎండిపోయాయి. నోన్నా పెరట్లో మాత్రం టమాటా మొక్కలు నిలువెత్తున ఉండేవి. వాషింగ్ మెషీన్ నీళ్లు, స్నానం నీళ్లు, పాస్తా ఉడికించిన నీళ్లు అన్నీ బకెట్లలో పట్టి పోసేది. బకెట్ అంచుల దాకా నింపదు. సగానికి కాస్త పైన ఆపుతుంది. ఎడమచేత్తో మోస్తూ కుడిచేత్తో గోడ పట్టుకుని నడుస్తుంది. మొక్క మొదట్లో పొయ్యదు, చుట్టూ తీసిన పాదు గుంటలో చెంబుతో నెమ్మదిగా పోస్తుంది. షట్టర్ సగం ఎత్తి ఉంటే సందులోంచి ఇవన్నీ కనపడేవి. ఒకరోజు వెళ్లి బకెట్ అందుకున్నాను. ఏమీ అనలేదు. మర్నాడు మా ఇంటి బకెట్ కూడా తెమ్మంది. మేం నలుగురం స్నానం చేసిన నీళ్లన్నీ ఆ ఏడాది ఆవిడ టమాటాలకే పోయాయి. మా అన్న సబ్బు తక్కువ రాసుకోవడం మొదలుపెట్టాడు, మొక్కలకి మంచిది కాదని.

దానికి బదులుగా మా గేటు గొళ్లేనికి ప్లాస్టిక్ సంచి తగిలేది. నిమ్మకాయలు. లేకపోతే అంజూర పండ్లు. ఆ సందులో ప్రతి పెరట్లోంచీ ఏదో ఒక కొమ్మ గోడ దాటి బయటికి వంగి ఉండేది. గోడ బయటికొచ్చిన కాయ ఎవరైనా కోసుకోవచ్చు, చెయ్యి మాత్రం గోడ లోపలికి పెట్టకూడదు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, అందరికీ తెలుసు. అలాగే అక్కర్లేని సామాను. మా ఇంట్లో బల్ల, రెండు కుర్చీలు, నా మంచం, అన్నీ ఆ సందులో గోడకి ఆనించి పెట్టి ఉంటే తెచ్చుకున్నవే. ముందు వీధిలో పెట్టిన సామాను మోసుకెళ్లడానికి నాకు సిగ్గేసేది. సందులో ఎప్పుడూ అనిపించలేదు. అక్కడ అందరూ పాత బనీన్లతో, చెప్పులు లేకుండా, చేతిలో చెత్తబుట్టతో కనపడేవాళ్లు. సూట్ వేసుకుని ఆఫీసుకెళ్లే ఒకాయన ముందు వీధిలో ఎదురైతే తల ఊపి వెళ్లిపోయేవాడు. అదే మనిషి సందులో సైకిల్ చెయిన్ బాగుచేసుకుంటూ, చేతులు నల్లగా చేసుకుని, గంటసేపు నాతో మాట్లాడాడు.

క్రికెట్ గురించి చెప్పకపోతే ఈ సందు గురించి చెప్పినట్టే కాదు. చెత్తడబ్బా వికెట్. రాళ్ల మీద టెన్నిస్ బాల్ ఎటు లేస్తుందో ఎవరికీ తెలియదు. మా గేటు నుంచి నాలుగడుగుల దూరంలో ఒక రాయి ఒక మూల పైకి లేచి ఉండేది. బాల్ దానిమీద పడితే ఎడమవైపుకి విరిగేది. గ్రీకు ఇంటి పిల్లలిద్దరు, లెబనాన్ వాళ్ల అబ్బాయి ఒకడు, మా నలుగురిలో సెలవున్నవాళ్లు. గోడ దాటిస్తే ఆరు పరుగులిచ్చి అవుట్. వాళ్లు "సిక్స్ అండ్ అవుట్" అన్నారు. మన దగ్గర పరుగులిచ్చేవాళ్లు కాదు, నేరుగా అవుటే. వాళ్ల రూల్లో కాస్త దయ ఎక్కువ. బాల్ నోన్నా పెరట్లో పడితే మాత్రం టమాటా కర్రలు విరగకుండా తెచ్చేవాడు కావాలి. ఆ పని ఎప్పుడూ నాదే.

2009 జనవరి చివర్లో వరసగా మూడు రోజులు 43 డిగ్రీలు దాటింది. నా రేకుల గది నిప్పుల కొలిమి. పరుపు పెరట్లోకి తెచ్చుకుని పడుకున్నాను. ఫిబ్రవరి 7న 46.4 డిగ్రీలు. మధ్యాహ్నం గాలి కూడా సెగలా కొట్టింది. సాయంత్రానికి దక్షిణం నుంచి చల్లగాలి తిరుగుతుందని రేడియో చెబుతోంది. దాన్ని కూల్ చేంజ్ అంటారు. మెల్‌బోర్న్‌లో వేసవి మొత్తం దానికోసం ఎదురుచూడ్డమే. ఆ సాయంత్రం సందులో ప్రతి గేటూ తెరిచారు. ప్రతి షట్టరూ ఎత్తారు. కుర్చీలు బయటికొచ్చాయి. పక్కింటి పెద్దాయన తడిగుడ్డ మెడకి చుట్టుకుని కూర్చున్నాడు. నోన్నా పుచ్చకాయ కోసి అందరికీ ముక్కలు పంచింది. గాలి తిరగ్గానే సందు చివరనుంచి ఒక్కసారిగా లోపలికొచ్చింది. రెండు గోడల మధ్య కదా, ఇంకెటూ పోలేక నేరుగా మా మొహాలకి తగిలింది. పిల్లలు కేకలు పెట్టారు.

మాకు హాయిగా తగిలిన ఆ గాలే అక్కడ ఉత్తరాన అడవుల్లో మంటల దిశ మార్చి ఊళ్ల మీదికి తోసిందని మర్నాడు తెలిసింది. ఆ మంటల్లో 173 మంది చనిపోయారు. రెండోరోజు సందులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. మంటలు అంటుకున్న ఊళ్లలో ఒకటైన కింగ్‌లేక్‌లో పెద్దాయనకి చుట్టాలున్నారు. రేడియో గోడమీద పెట్టి వింటూ రోజంతా గేటు దగ్గరే నిలబడ్డాడు. వాళ్లు బతికే ఉన్నారని కబురొచ్చాక నోన్నా సందు దాటి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. నలభై ఏళ్లుగా ఎదురుబొదురు ఉన్నవాళ్లు, ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆ నెలాఖర్లో వాళ్ల ఇంట్లో టమాటా సాస్ పెట్టారు. కొడుకులు, కోడళ్లు, మనవలు పదిహేను మంది పైగా వచ్చారు. గ్యారేజీలో చోటు చాలక సగం పని సందులోనే. పెట్టెల కొద్దీ టమాటాలు, మరలో వేసి తిప్పుతుంటే గింజా తొక్కా ఒకవైపు, రసం ఒకవైపు. ఖాళీ బీరు సీసాల్లో ఒక్కో తులసిలాంటి ఆకు వేసి, అదే బేసిల్ ఆకు, రసం నింపి, మూత బిగించి, పెద్ద ఇనప డ్రమ్ములో నీళ్లుపోసి సీసాలన్నీ ఉడకబెట్టారు. సీసాలు ఒకదానికొకటి తగిలి పగలకుండా మధ్యలో పాత గుడ్డలు కుక్కే పని నాకిచ్చారు. మా ఇంట్లో ఆవకాయ రోజున ముక్కలు తుడిచే పని నాకే ఇచ్చేవాళ్లు. తప్పు చేయడానికి వీల్లేని పని ఏదో ఒకటి పిల్లవాడికిస్తారు కదా, అలాగ. నల్లరాళ్ల కాలువలో ఆ సాయంత్రం ఎర్రనీళ్లు పారాయి.

ఇంతలో మే నెల వచ్చింది.

ఆ నెలలో మెల్‌బోర్న్‌లో మన విద్యార్థుల మీద వరసగా దాడులు జరిగాయి. దెబ్బలు తిన్నవాళ్లలో తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు. మన దేశంలో టీవీల్లో రోజంతా అదే వార్త. మే 31న ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ఎదుట వేలమంది రోడ్డు మీద కూర్చున్నారు. మేం నలుగురం వెళ్లాం. అమ్మ రోజుకి మూడుసార్లు ఫోన్ చేసేది. "మెయిన్ రోడ్డు మీదే నడు నాన్నా. సందుల్లోకి పోకు. ఒట్టు పెట్టు," అనేది. ఒట్టు పెట్టాను.

నేనప్పుడు ఒక హోటల్ వంటగదిలో గిన్నెలు కడిగేవాణ్ని. పని అయ్యేసరికి పదకొండు, రైలు దిగేసరికి పదకొండున్నర. సందులోంచి అయితే నాలుగు నిమిషాలు. చుట్టూ తిరిగి ముందు వీధిలోంచి అయితే పన్నెండు, తాళం తీసి అందర్నీ లేపాలి. సందులో వీధిలైటు లేదు. రెండు వారాలు చుట్టూ తిరిగే వచ్చాను. ముందు వీధిలో దీపాలున్నాయి గానీ మనిషి అలికిడి లేదు. కర్టెన్లు వేసిన కిటికీలు, తలుపులు. వెనక ఎవరి అడుగుల చప్పుడైనా గుండె దడదడలాడేది. అలా రోజూ రాత్రి టెన్షన్‌తో నడవడం ఎంత అలసటో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఒక ఆదివారం నోన్నా అడిగింది, "ఫిల్యో, నువ్వీమధ్య సందులో కనపడ్డం లేదేం?" చెప్పాను. ఆవిడ టీవీలో చూసిందట. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మేం వచ్చిన కొత్తలో మమ్మల్నీ అనేవాళ్లు," అంది. "రాత్రి ఎన్నింటికొస్తావు?" అని మాత్రం అడిగింది. పదకొండూ ముప్పావు దాకా అవుతుందన్నాను.

ఆ రాత్రి స్టేషన్ దిగి, అలవాటు కొద్దీ సందు మొదట్లో ఆగి లోపలికి చూశాను. ఆకుపచ్చ షట్టర్ పైన బల్బు వెలుగుతోంది. అప్పటిదాకా అక్కడో బల్బుందని కూడా నేను గమనించలేదు. మామూలు పసుపు బల్బు. తడిసిన రాళ్ల మీద దాని వెలుగు సగం సందు దాకా పడింది. నడిచాను. గేటు తీసి, లోపలికెళ్లి, గొళ్లెం వేశాను. పడుకున్నాను.

మర్నాడూ వెలిగింది. ఆ మర్నాడూ. ఆవిడ మర్చిపోయి రాత్రంతా ఉంచేస్తోందేమో, కరెంటు బిల్లు ఎంతవుతుందో అనుకున్నాను. మూడు వారాలు గడిచాక ఒకరాత్రి గొళ్లెం వేసి, బూటు లేసు విప్పుకోవడానికి పెరట్లో మెట్టు మీద కూర్చున్నాను. కంచె పైన కనపడుతున్న వెలుగు టప్పున ఆరిపోయింది. మర్నాడు కావాలని చూశాను. గొళ్లెం టక్కుమంది, నాలుగైదు అంకెలు లెక్కపెట్టేలోపు బల్బు ఆరింది. ఆవిడ వంటగది కిటికీ వెనకవైపే. దాదాపు ఎనభై ఏళ్ల మనిషి, జూన్ చలిలో, రోజూ రాత్రి పన్నెండు దాకా మా గొళ్లెం చప్పుడు కోసం మేలుకుని ఉంటోంది.

వద్దని చెప్పాను. నిద్ర పట్టదులే ఎలాగూ, అంది. నేను ఆ ఉద్యోగం మానేసేదాకా, 2010 మార్చి వరకు, నాకు డ్యూటీ ఉన్న ప్రతి రాత్రీ ఆ బల్బు వెలిగింది. అమ్మకి చెప్పలేదు. ఒట్టు తప్పానని ఇది చదివితే తెలుస్తుంది.

కాలేజీకి దగ్గర్లోనే స్వాన్‌స్టన్ స్ట్రీట్‌లో స్టేట్ లైబ్రరీ ఉంటుంది. ఖాళీ దొరికితే అక్కడ కూర్చునేవాణ్ని. అక్కడే 1930లలో ఆస్వాల్డ్ బార్నెట్ అనే ఆయన తీసిన ఫోటోలు చూశాను. ఫిట్జ్‌రాయ్, కార్ల్‌టన్ పేటల్లో సందులు, వాటిలోకి తెరుచుకునే ఒంటిగది ఇళ్లు, గుమ్మంలో చెప్పులు లేని పిల్లలు. ఆయన పట్టుబట్టి పోరాడినందువల్లే 1938లో హౌసింగ్ కమిషన్ వచ్చింది. మంచి మనసుతో మొదలైన పనే. కానీ 1960ల కల్లా ఆ కమిషన్ వీధులకి వీధులు పడగొట్టి ఇరవై అంతస్తుల టవర్లు లేపింది. వాటి కింద ఎన్ని సందులు పోయాయో. ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నాకు అనిపించేది, అక్కడ తప్పు పేదరికానిది, కారే కప్పుల్ని బాగుచేయించని యజమానులది, సందుది కాదని. ఆ టవర్లు 44 ఉంటే అన్నిటినీ పడగొట్టి మళ్లీ కడతామని 2023లో ప్రకటించారు. వాటిలో ఉన్నవాళ్లు పోట్లాడారు, మా పొరుగు చెదిరిపోతుందని.

2010లో ఉద్యోగం వచ్చి సిడ్నీ వెళ్లిపోయాను. వెళ్లాక క్రిస్మస్‌కి నోన్నాకి కార్డు పంపుదామని కూర్చుంటే ఇంటి నంబరు తెలియదని గుర్తొచ్చింది. వీధి పేరు కూడా సరిగ్గా తెలియదు. రెండున్నరేళ్లలో ఒక్కసారీ వాళ్ల ముందు గుమ్మం చూడలేదు నేను. చివరికి మా పాత ఇంటి అడ్రస్‌కి పంపాను, "సందు దాటి ఇవ్వండి" అని కవరు మీద రాసి. అందిందని ఫోన్ వచ్చింది. నాలుగేళ్ల తరవాత, ఆవిడ పోయారని వాళ్ల అబ్బాయి చేసిన ఫోనూ వచ్చింది.

2023లో పనిమీద మెల్‌బోర్న్ వెళ్లాల్సి వచ్చి, ఒక సాయంత్రం బ్రన్స్‌విక్‌లో దిగాను. అంతకు ముందు ఏడాదే అక్కడి కౌన్సిల్, అంటే మున్సిపాలిటీ, పేరు మోర్‌ల్యాండ్ నుంచి మెర్రి-బెక్ అయింది. ఆ నేల అసలు మనుషుల వుయ్-వురుంగ్ భాషలో ఆ మాటకి రాళ్ల నేల అని అర్థం.

సందు ఉంది. పడమటి చివర ఎవరో తమ పెరట్లో కలిపేసుకున్నట్టున్నారు, కొత్త కంచె అడ్డంగా వచ్చింది. కౌన్సిళ్లు అక్కర్లేదనుకున్న సందుల్ని ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్లకి అమ్ముతుంటాయి. ఒక్కో ముక్కా పోతే దారి కాస్తా గోతాం మూతిలా మూసుకుపోతుంది. అక్కర్లేదని ఎవరు చెప్పారో వాళ్లు ఎప్పుడూ ఆ దారిన నడిచి ఉండరు. నోన్నా గ్యారేజీ లేదు. అక్కడ సన్నటి రెండంతస్తుల ఇల్లు కట్టారు, దాని ముందు తలుపే సందులోకి ఉంది. దానికి నాకు సంతోషమే అయింది. డబ్బా లాగిన వైపు ఇప్పుడు ఒకళ్ల ముందు గుమ్మమైంది. తలుపు పైన లైటు ఉంది. నేను దగ్గరికి రాగానే దానంతటదే వెలిగింది. కదలకుండా నిలబడితే ఆరిపోయింది. మా లెట్రిన్ గోడ అలాగే ఉంది. మూసిన కన్నం ఇటుకలు అలాగే ఉన్నాయి. వంగి చేత్తో తడిమాను.

ఆ తలుపు తీసుకుని పదేళ్ల పిల్లవాడొకడు బ్యాటుతో బయటికొచ్చాడు. నన్ను చూసి ఆగాడు. ఎవరో కొత్తమనిషి గోడ తడుముతుంటే ఆగడూ మరి. ఇక్కడే ఉండేవాణ్ని, ఈ ఇంట్లో, అని చెప్పాను. వాడు తల ఊపి చెత్తడబ్బా లాక్కొచ్చి నిలబెట్టాడు. సరిగ్గా మేం పెట్టినచోటే. నేను నాలుగడుగులు వేసి ఆ మూల లేచిన రాయిని కాలితో వెతికి పట్టుకున్నాను.

"బాల్ ఇక్కడ పడితే ఎడమకి తిరుగుతుంది," అన్నాను.

"తెలుసు," అన్నాడు వాడు, బాల్ నా చేతికిస్తూ.